పెన్నీకి సరిపడా విరహం

17వ శతాబ్దపు లండన్‌లో ప్రేమలో పడదలచినవాళ్లు పెద్దల కాళ్ల మీద పడి లాభం లేదు. అచ్చాఫీసువాడి కాళ్లు పట్టుకోవాలి. బ్రాడ్‌సైడ్ బ్యాలడ్ అంటే ఒకవైపే అచ్చువేసి, వీధిలో పాడుతూ పెన్నీకో అరపెన్నీకో అమ్మే ఒంటి కాగితం పాట. అందులో ఎవరెప్పుడు చావాలో బ్రహ్మ రాయడు, కాగితం కొలత తేలుస్తుంది.

లెక్క సులువే. కాగితానికి రెండు సగాలు: మొదటి భాగం, 'అదే బాణీలో' రెండో భాగం. చూసుకున్నారు, పెద్దలు సరేనన్నారు, పెళ్లయింది అంటే నాలుగు చరణాలకే కథ కంచికి పోతుంది. మిగిలిన తెల్లకాగితానికి డబ్బులు ఎవడిస్తాడు? అందుకని అబ్బాయిని ఓడ ఎక్కించాలి. తర్వాతి తరాల పాటల్లోనైతే ఏడేళ్లకు ముక్కూమొహం తెలియనివాడిలా వచ్చి, "మీవాడు పోయాడు, నన్ను చేసుకో" అని పిల్లను ఏడిపించి, చివర్లో, విడిపోయేటప్పుడు విరగ్గొట్టి పంచుకున్న ఉంగరంలో తన సగం తీసి చూపిస్తాడు. చేసుకోబోయేవాడి మొహం ఆమె ఎందుకు పోల్చుకోలేదని అడక్కండి.

ఆ మొహం అతనిదైతే కదా! పాటతో పాటు వేసే బొమ్మకు కొత్త చెక్కదిమ్మ చెక్కించడం దండగని పాతదే మళ్లీ దింపుతారు. ఈ వారం టోపీ పెట్టుకున్న ప్రియుడే వచ్చే వారం మోసగాడు. దిమ్మను పురుగు తొలిస్తే ఆ కన్నాల్లో సిరా అంటదు, ప్రియుడి గడ్డం మీద తెల్లచుక్కలు పడతాయి. చాలా కాగితాల మీద తేదీ ఉండదు గనక, దిమ్మలో పగుళ్లు ఎంత పెరిగాయో చూసి ఏది ముందో ఏది వెనకో పండితులు తేలుస్తారు.

స్వరాలు సాధారణంగా అచ్చువేయరు, బాణీ పేరు చాలు. ఉరి పాటలకు తరచూ వాడే 'ఫార్చ్యూన్ మై ఫో' బాణీ పేరు కనబడిందా, ఉరితాడు దగ్గర్లోనే ఉండొచ్చు.

గిరాకీ 19వ శతాబ్దంలోనూ తగ్గలేదు. 1827లో సఫోక్‌లోని పోల్‌స్టెడ్‌లో మరియా మార్టెన్‌ను ప్రియుడు విలియం కార్డర్ చంపాడు. 1828 ఆగస్టులో ఉరితీశారు. లండన్ సెవెన్ డయల్స్ పేటలో అచ్చాఫీసు నడిపిన జేమ్స్ కాట్నాచ్, కార్డర్ 'చివరి మాటలు' కాగితాలు 11 లక్షలకు పైగా అమ్మాడని చెప్పుకుంటారు. ఇలాంటివి ఉరికంబం దగ్గరే అమ్ముడుపోవాలి కాబట్టి దోషి పశ్చాత్తాపం ముందే కంపోజై సిద్ధంగా ఉండేది. క్షమాభిక్ష వచ్చిందా, నష్టం అచ్చాఫీసుది.

ఈ పాటల కాగితాలు 1,800కు పైగా కూడబెట్టిన 17వ శతాబ్దపు డైరీ రచయిత శామ్యూల్ పీప్స్ వాటిని శీర్షికలవారీగా సర్దాడు. సుఖమైన ప్రేమకొకటి, అభాగ్యపు ప్రేమకొకటి. పెళ్లినీ రంకునూ మాత్రం ఒకే శీర్షిక కింద పెట్టాడు. ఆయన ఉద్యోగం నౌకాదళ కార్యాలయంలో. అబ్బాయిలను ఓడ ఎక్కించే శాఖే అది.