ఆరడుగుల రెండంగుళాలు, రెండొందల పౌండ్లు... అంతేనా?

ఫోన్ సోఫా మీద విసిరేసి, ఇది రాయకపోతే నిద్ర పట్టదని మళ్ళీ తీసుకున్నాను.

విషయం చిన్నదే. మా మరిది గ్రూపులో ఒక లింకు పెట్టాడు, "వదినా, కొత్త టీమ్ రోస్టర్ (ఆటగాళ్ళ జాబితా) వచ్చింది, నీకు పండగే" అని. స్ప్రింగ్ లీగులో, అంటే పెద్ద లీగు ఎన్ఎఫ్ఎల్‌కి సెలవున్న వసంతంలో నడిచే చిన్న లీగులో, కొత్తగా పెట్టిన ఫుట్‌బాల్ జట్టు. అమెరికన్ ఫుట్‌బాల్. జట్టు పేరు చెప్పను, ఊరికే పబ్లిసిటీ ఎందుకు. వంట మధ్యలో ఆపి మరీ తెరిచాను. కొత్త జట్టు అంటే ఎవరికీ ఎవరూ తెలియరు కదా, ఆ పేజీ చదివే మనవాడు అనుకోవాలి.

మొదటి కుర్రాడు: ఫొటో, ఎత్తు, బరువు, కాలేజీ. కింద ఒక వాక్యం. "ఎంతో కష్టపడే స్వభావం, జట్టు కోసం ఏదైనా చేసే ఆటగాడు." రెండోవాడు: ఎంతో కష్టపడే స్వభావం, జట్టు కోసం ఏదైనా చేసే ఆటగాడు. మూడోవాడి పేజీలో అయితే రెండోవాడి పేరు అలాగే వదిలేశారు. కాపీ కొట్టడానికి కూడా ఓపిక లేదు! కిక్కర్ (బంతిని తన్నడానికే ఉండే ఆటగాడు) దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యం కూడా ఎగిరిపోయింది. ఆరడుగుల రెండంగుళాలు, రెండొందల పౌండ్లు, ఏదో కాలేజీ. రేషన్ కార్డులో ఇంతకంటే ఎక్కువ సమాచారం ఉంటుంది. "పూర్తి ప్రొఫైల్ చూడండి" అని ఒక బటన్ ఉంది. నొక్కితే టీషర్టుల దుకాణం తెరుచుకుంది.

ఒళ్ళు మండి అదే గ్రూపులో ఆ మాట రాశాను. వెంటనే మా ఆయన ఫ్రెండు, పెద్దమనిషి, నేను అన్నయ్యగారూ అని పిలిచే మనిషి, జవాబిచ్చారు: "వాళ్ళ గురించి రాయడానికి ఏముంటుందమ్మా, అంతా ఎన్ఎఫ్ఎల్‌లో పనికిరానివాళ్ళే కదా." పక్కన నవ్వే బొమ్మ. దానికి మళ్ళీ నలుగురు లైకులు.

పనికిరానివాళ్ళట.

అన్నయ్యగారూ, 2024 నవంబర్ 10 రాత్రి మీరు మా ఇంట్లోనే కూర్చున్నారు. మన హ్యూస్టన్ టెక్సన్స్, డెట్రాయిట్ లయన్స్ మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి మనం 23-7తో ముందున్నాం. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) జారెడ్ గాఫ్ అయిదు ఇంటర్సెప్షన్లు ఇచ్చాడు, అంటే అయిదుసార్లు బంతిని మనవాళ్ళ చేతికే విసిరాడు. అయిదు! అలాంటి మ్యాచ్ ఎవరైనా ఓడిపోతారా? మనం ఓడిపోయాం. ఆఖర్లో వాళ్ళ కిక్కర్ 58 గజాల నుంచి ఒక ఫీల్డ్ గోల్, అంటే బంతిని స్తంభాల మధ్యకి తన్నడం, కొట్టి సమం చేశాడు. గడియారం సున్నాకి వచ్చేసరికి 52 గజాల నుంచి ఇంకోటి. 26-23. మీరు చేతిలో ప్లేటు పట్టుకుని "ఎవడు వీడు?" అని అడిగారు, గుర్తుందా?

వాడు జేక్ బేట్స్. మన పక్కనున్న టాంబాల్ కుర్రాడు. మొదట సాకర్ (మన దేశంలో ఫుట్‌బాల్ అనేది) ఆడాడు. కాలేజీ ఫుట్‌బాల్లో ఆట మొదలుపెట్టే తన్నులు, అంటే కిక్ఆఫ్‌లు కొట్టడమే అతని పని. 2023లో మన టెక్సన్సే ట్రయల్‌కి తీసుకుని, సీజన్ మొదలవకముందే పంపేశారు. తర్వాత ఏం చేశాడు? ఈ హ్యూస్టన్‌లోనే ఇటుకలు అమ్మాడు. నిజం ఇటుకలండీ, ఇంటికి పేర్చేవి. 2024 మార్చి 30న ఒక స్ప్రింగ్ లీగు మొదటి మ్యాచ్‌లో, మిషిగన్ పాంథర్స్ తరఫున, 64 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు. అవతలి జట్టు సరిగ్గా ముందే టైమ్ అవుట్ అడిగింది, కాబట్టి చెల్లదన్నారు. మళ్ళీ అదే 64 గజాల నుంచి కొట్టాడు. మ్యాచ్ గెలిచారు. ఆ జూన్‌లో డెట్రాయిట్ లయన్స్ పిలిచి కాంట్రాక్ట్ ఇచ్చింది. నవంబర్‌లో మన ఊరు వచ్చి, మనం వద్దన్న కాలితోనే మనల్ని తన్ని వెళ్ళాడు.

ఇప్పుడు చెప్పండి. 2024 ఫిబ్రవరిలో అతని పేజీలో ఏం రాసి ఉండాలి? ఎత్తు, బరువు, కష్టపడే స్వభావమా? "నిన్నటిదాకా ఇటుకలు అమ్మాడు" అన్న ఒక్క ముక్క ఉంటే నేను ఆ సీజన్ మొత్తం చూసేదాన్ని.

ఇంకొకడు ఉన్నాడు, ఇతన్ని మనవాళ్ళంతా నెత్తిన పెట్టుకోవాలి అసలు. బ్రాండన్ ఆబ్రీ. డాలస్ పక్కనున్న ప్లేనో కుర్రాడు. ప్లేనో ఎలాంటి ఊరో చెప్పనక్కర్లేదు కదా, అక్కడ గుడి పార్కింగ్‌లో చోటు దొరకాలంటే సుప్రభాతానికే వెళ్ళాలి. ఇతనూ సాకరే, నోటర్‌డేమ్‌లో ఆడి 2017లో టొరంటో జట్టుకి ఎంపికయ్యాడు. అది కుదరలేదు. ఏం చేశాడో ఊహించండి. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అయ్యాడు! ఒకరోజు టీవీలో ఫుట్‌బాల్ చూస్తుంటే వాళ్ళావిడ "నువ్వూ అలా తన్నగలవు" అందట. (మా ఇంట్లో ఇలాంటి మాట నేనంటే ఏం జరుగుతుందో రాయను, ఆయన కూడా ఈ పోస్ట్ చదువుతారు.) ప్రాక్టీస్ మొదలుపెట్టాడు. బర్మింగ్‌హామ్ స్టాలియన్స్ అనే స్ప్రింగ్ జట్టులో 2022, 2023 రెండేళ్ళూ కప్పు గెలిచాడు. ఆ వేసవిలోనే డాలస్ కౌబాయ్స్ తీసుకుంది. వెళ్ళీ వెళ్ళగానే వరసగా 35 ఫీల్డ్ గోల్స్, ఒక్కటి తప్పలేదు, రికార్డు. ఎన్ఎఫ్ఎల్‌లో అడుగుపెట్టకముందు సోమవారం పొద్దున స్టేటస్ మీటింగ్‌లో కూర్చున్న మనిషి! ఇది ప్రొఫైల్‌లో రాయకపోతే ఇంకేం రాస్తారు, షూ సైజా?

మధ్యలో ఒక మాట. ఇదంతా నీకెలా తెలుసు అని అడిగే బ్యాచ్ ఒకటి ఉంటుంది ప్రతి పార్టీలో. మొగవాళ్ళు టీవీ ముందు కూర్చుంటారు, ఆడవాళ్ళు కిచెన్‌లో. నేను టీవీ ముందు కూర్చుంటే ఎవరో ఒకరు జాలిగా "ఫస్ట్ డౌన్ అంటే ఏంటంటేనమ్మా..." అని మొదలుపెడతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలండీ, నాకు తెలుసు. కవర్ టూ అంటే మీకు తెలుసా? పోనీ లాంగ్ స్నాపర్ ఏం చేస్తాడో? అడగను, మర్యాద.

కొత్త జట్టు అన్నాను కదా, మన టెక్సన్సే ఒకప్పుడు కొత్త జట్టు. 2002. అప్పటి రోస్టర్ తీసి చూడండి. పాత జట్ల ఆటగాళ్ళలోంచి కొత్త జట్టు ఎంచుకునే ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంచుకున్నది టోనీ బొసెల్లిని. అయిదుసార్లు ప్రో బౌల్, అంటే లీగులో మేటి ఆటగాళ్ళ ఆట. కాగితం మీద అంతకంటే గొప్ప ప్రొఫైల్ ఉండదు. భుజం దెబ్బతో మనకి ఒక్క ఆట కూడా ఆడకుండానే రిటైరయ్యాడు. అదే ఏడాది కాలేజీ ఆటగాళ్ళ డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో చెస్టర్ పిట్స్ అనే, ముందువరసలో ఎదుటివాళ్ళని అడ్డుకునే లైన్‌మన్‌ని తీసుకున్నారు. హైస్కూల్లో ఫుట్‌బాలే ఆడలేదు. ఓబో వాయించేవాడు. ఓబో అంటే ఊదే వాయిద్యం, మన సన్నాయికి దూరపు చుట్టం. సరుకుల కొట్టులో సంచులు సర్దుతుంటే ఎఫ్రెయిమ్ సలాం అనే ఇంకో లైన్‌మన్ చూసి, ఇంత మనిషివి ఆడవేంటయ్యా అని వెంటపడ్డాడు. తర్వాత ఇద్దరూ హ్యూస్టన్‌లో ఒకే లైన్‌లో ఆడారు. 2008 సూపర్ బౌల్ (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్)లో దాని మీద ప్రకటన తీసి చూపించారు కూడా, నేను ఏడ్చాను. (ఆ మొదటి సీజన్లో పాపం మన క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్‌ని 76 సార్లు పడగొట్టారు, అది ఇప్పటికీ రికార్డే, అందులో మన ఓబో బాబు వాటా ఎంతో అడగొద్దు. అభిమానం అభిమానమే.)

అయినా చూశారా, ఆ కథ ఎప్పుడు చెప్పారు? ఆరేళ్ళ తర్వాత. మనిషి నిలబడ్డాక. నా మంట అంతా ఇక్కడే.

కర్ట్ వార్నర్ సంగతి అందరికీ తెలుసు. 1994లో గ్రీన్ బే ప్యాకర్స్ పంపేస్తే అయోవాలో సూపర్ మార్కెట్‌లో గంటకి అయిదున్నర డాలర్లకి అరల్లో సరుకులు సర్దాడు. 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిచి ఎంవీపీ (ఆ ఆటలో మేటి ఆటగాడు) అయ్యాక ఆ అరలు పుణ్యక్షేత్రం అయిపోయాయి. ఆ మధ్య ఏళ్ళలో ఆ అరల గురించి రాసింది ఎవరు? నాకైతే కనపడలేదు. గెలిస్తే ఇన్‌స్పిరేషన్. గెలవకపోతే గ్యాప్.

గ్యాప్. ఈ మాట వినగానే నాకు బీపీ ఎందుకు లేస్తుందో మీలో సగంమందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది. హెచ్4 అక్కలూ, చెల్లెళ్ళూ (భర్త ఉద్యోగ వీసా మీద భార్యకి ఇచ్చే వీసా అది), చేతులెత్తండి.

పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో నాకు ఉద్యోగం ఉంది, మంచి టీమ్ ఉంది. ఇక్కడికి వచ్చాక వీసా ప్రకారం పని చేయకూడదు. చేయలేకపోవడం కాదు, చేయకూడదు. 2015 మే నెలలో మన భర్తల గ్రీన్ కార్డు ఫైలు ఫలానా దశ దాటితే మనకీ పని చేసే అనుమతి ఇస్తామన్నారు. అప్పటిదాకా? పిల్లాడికి పాలు, లైబ్రరీలో కథల గంట, ఆగకుండా తిరిగే వాషింగ్ మెషిన్, ఆదివారం ఫుట్‌బాల్. అవునండీ, ఈ ఆట నేర్చుకున్నది ఆ ఏళ్ళలోనే. ఎవరూ నేర్పలేదు. కామెంటేటర్లు ఏం అరుస్తున్నారో కాగితం మీద రాసుకుని వెతుక్కున్నాను.

ఆ పని అనుమతి కార్డు (ఈఏడీ) వచ్చాక ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాను. పేరు అనవసరం, మన జిల్లా మనిషే కూర్చున్నాడు. నా రెజ్యూమే చూసి వేలితో ఆ ఖాళీ ఏళ్ళ మీద టకటకా కొట్టి, "ఇన్నాళ్ళు ఏం చేశారు మేడం?" అన్నాడు. పని చేయడానికి పర్మిషన్ లేదని ఆయనకి తెలియదా? ఆయన చేసే వ్యాపారమే అది! నేనేదో చెప్పబోయాను. "అవన్నీ ఎందుకు మేడం, ఒక బ్యాంక్ ప్రాజెక్ట్ వేసేద్దాం, నీట్‌గా ఉంటుంది" అన్నాడు. నేను వద్దన్నాను. మళ్ళీ ఫోన్ చేయలేదు. మనవాళ్ళతో ఇదే, లేని ఏళ్ళు పుట్టించమంటారు, ఉన్న ఏళ్ళు చెరిపేయమంటారు. ఆ ఫుట్‌బాల్ జట్టువాళ్ళు కనీసం పుట్టించలేదు, చెరిపేశారంతే. అంతవరకు మెచ్చుకోవాలేమో.

ఎందుకు చెరిపేస్తారో కూడా నాకో అనుమానం. కథ రాస్తే మనిషి కనిపిస్తాడు. మనిషి కనిపిస్తే రేపు సూట్‌కేస్ సర్దుకోమని చెప్పడం కష్టం. 2019లో ఏఏఎఫ్ అని ఒక లీగు వచ్చింది. ఫిబ్రవరిలో మొదలు. పది వారాల సీజన్లో ఎనిమిది వారాలు ఆడించి, ఏప్రిల్ 2న తాళం వేసేశారు. రెండు వారాలు దాటగానే దివాలా. ఆటగాళ్ళు కొందరు ఇంటికి వెళ్ళడానికి సొంత డబ్బులతో టికెట్లు కొనుక్కున్నారు. మరుసటి ఏడాది ఎక్స్ఎఫ్ఎల్ అనే ఇంకో లీగులో మన హ్యూస్టన్ రఫ్‌నెక్స్ అయిదుకి అయిదు మ్యాచ్‌లు గెలిచారు, కోవిడ్ వచ్చింది, ఏప్రిల్‌లో ఆ లీగూ దివాలా. క్వార్టర్‌బ్యాక్ పీ.జే. వాకర్‌ని కరొలైనా పిలిచింది కాబట్టి అతని సంగతి మనకి తెలుసు. మిగతావాళ్ళు? లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజున, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా ఇచ్చే అరవై రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ళకి ఆ ఆటగాళ్ళ రోజు ఎలా ఉండి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆ టైమ్‌లో అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: గ్యాప్ ఎందుకు వచ్చింది?

2001లో వచ్చిన పాత ఎక్స్ఎఫ్ఎల్‌ని అందరూ వెక్కిరిస్తారు, రెజ్లింగ్ కంపెనీవాడి సర్కస్ అని. ఒక్క సీజన్లో పోయింది, నిజమే. కానీ ఆ సర్కస్ జెర్సీ వెనక ఇంటిపేరుకి బదులు కావలసింది రాసుకోనిచ్చింది. రాడ్ స్మార్ట్ అనే కుర్రాడు "వాడికి నేనంటే పడదు" అని రాసుకున్నాడు. ఎవడికి? ఏ కోచ్‌కి? దేశమంతా అడిగింది. మూడేళ్ళకి అతను కరొలైనా తరఫున సూపర్ బౌల్ ఆడాడు, అదీ మన హ్యూస్టన్‌లోనే. ఒక్క జెర్సీ మీది మూడు ముక్కల్లో ఉన్న మనిషి, ఈ కొత్త జట్టు మొత్తం సైట్ వెతికినా లేడు.

ఖర్చు అవుతుందని మాత్రం చెప్పకండి. ఒక ఇంటర్న్, ఒక ఫోను, ఒక్కొక్కరికి పది నిమిషాలు. "పోయిన ఏడాది ఈ టైమ్‌కి ఏం చేస్తున్నావు బాబూ?" అని అడగాలి, చెప్పింది రాయాలి. ఒకడు స్కూల్లో పీఈటీ మాస్టారు అంటాడు, ఒకడు అమెజాన్ గోడౌన్ అంటాడు, ఒకడు ఏమీ లేదు, ఇంట్లోనే ఉన్నాను, పాప పుట్టింది అంటాడు. ఆ మూడోవాడి జెర్సీ నేను కొంటాను. రెండు కొంటాను.

ఇక అన్నయ్యగారూ. మీరు ఇది చదువుతున్నారని తెలుసు, బ్లూ టిక్స్ పడతాయి. పనికిరానివాళ్ళు అన్నారు కదా. 2009లో మీరు ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉన్నప్పుడు మా హాల్లోనే పడుకునేవారు, పాపం ఎవరినీ ఏమీ అనేవారు కాదు. ఆ నెలలన్నీ ఇప్పుడు మీ లింక్డ్‌ఇన్‌లో "సీనియర్ కన్సల్టెంట్" అని ఉన్నాయి. మేమెవరం ఎప్పుడైనా ఎత్తామా?