శ్రీ గ్రేడియంట్ టూల్ గారి దివ్యసముఖానికి

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. డిజైన్ సాఫ్ట్‌వేర్ టూల్‌బార్‌లో పెయింట్ బకెట్ వెనకాల నక్కి, ఐకాన్ మీద నొక్కి పట్టుకుంటే తప్ప దర్శనమివ్వని తమరికి, రంగుని రంగులోకి కరిగించే తమరికి లోటేముంటుంది లెండి. నా సంగతే బాగాలేదు. ఈరోజు మధ్యాహ్నం మొత్తం తమరి సేవలోనే తెల్లారిపోయింది.

నేను అడిగింది పెద్ద కోరికేమీ కాదు. ఎడమవైపు నిండు నారింజ. కుడివైపుకి వెళ్లేకొద్దీ అది మెల్లగా కరిగి మాయమైపోవాలి. కింద తెల్లటి బ్యాక్‌గ్రౌండ్. ఫొటో లేదు, టెక్స్చర్ లేదు, నీడలు అసలే లేవు. డిజైన్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి మొదటి రోజు ఇచ్చే పని.

ఎడమ చివర నారింజ అద్భుతం. కుడి చివర తెలుపు, వంక పెట్టడానికి లేదు. మధ్యలో మాత్రం ఎవరో మట్టి చేతులు తుడిచిపోయినట్టు ఒక చార. "మధ్యలో ఏదో మరక పడింది, అది తీసేస్తే ఫైనల్ చేసేద్దాం" అని క్లయింట్ మెసేజ్. మరక కాదండీ, అది మా టూల్ గారి అభిరుచి అని రాయలేను కదా.

ఇక మొదలైంది వెతుకులాట. కింద లేయర్లన్నీ ఆఫ్ చేశాను. చార అక్కడే ఉంది. బ్లెండ్ మోడ్ (కింది లేయర్‌తో రంగు కలిసే తీరు) చూశాను, నార్మల్. ఒపాసిటీ, అంటే రంగు ఎంత చిక్కగా కనబడాలనే అంకె, నూటికి నూరు. కలర్ ప్రొఫైల్ మార్చాను, చార కూడా దానికి తగ్గట్టు కొంచెం రంగు మార్చుకుని కూర్చుంది. ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిచాను. సిస్టమే రీస్టార్ట్ చేశాను. తమరి హెల్ప్ పేజీకి కూడా వెళ్లాను. గ్రేడియంట్ అంటే ఒక రంగు నుంచి మరో రంగుకి సాగే మార్పు అని అక్కడ ఎంతో ఓపికగా వివరించారు. చాలా సంతోషం.

చివరికి ఐడ్రాపర్ (ఏ చుక్కలో ఏ రంగుందో చెప్పే టూల్) తీసుకుని సరిగ్గా నడిమధ్య క్లిక్ చేశాను. నా నారింజ 255, 128, 0 (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా). అది సగం కరిగి తెలుపు మీద కూర్చుంటే 255, 192, 128 రావాలి, అంటే పలచటి, శుభ్రమైన లేత నారింజ. తమరు ఇచ్చింది 192, 160, 128. కంటి భ్రమ కాదు, మానిటర్ తప్పు కాదు, అంకెల్లో రాసి ఉన్న మురికి.

అప్పుడు రెండో స్టాప్ మీద, అంటే గ్రేడియంట్ కుడి చివర రంగుని పట్టుకునే గుర్తు మీద, డబుల్ క్లిక్ చేస్తే బయటపడింది అసలు గుట్టు. ఒపాసిటీ సున్నా, రంగు నలుపు! 'రంగు నుంచి పారదర్శకం' అని ప్రీసెట్ (ముందే సిద్ధం చేసిన అమరిక) పెట్టింది తమరే. ఆ పారదర్శకం లోపల కంటికి కనబడని నలుపుని దాచిపెట్టింది కూడా తమరే. అసలు కనబడనే కనబడని దానికి రంగెందుకండీ? పోనీ, ఏదో ఒక అంకె ఉండాలి కాబట్టి ఉంది అనుకుందాం. దాన్ని తీసుకొచ్చి నా నారింజలో కలపమని ఎవరు చెప్పారు?

తమరు చేసిందేమిటంటే, ఒకవైపు ఒపాసిటీని తగ్గిస్తూ, ఇంకోవైపు రంగుని నారింజ నుంచి నలుపుకి నడిపించారు. ఒకేసారి రెండు ప్రయాణాలు. కాబట్టి మధ్యకి వచ్చేసరికి అది సగం కరిగిన నారింజ కాదు, సగం కరిగిన గోధుమరంగు. ఇక గౌరవం నావల్ల కాదు. ఇది ఎవరికీ తెలియని కొత్త సమస్యా? 1984లోనే థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు లెక్క తేల్చి పెట్టారు కదా! రంగుని ముందే దాని ఒపాసిటీతో గుణించి దాచుకో, ఆ తర్వాతే కలుపు అని. అలా గుణిస్తే ఒపాసిటీ సున్నా ఉన్న నలుపుకి అక్కడ నోరెత్తే అవకాశమే ఉండదు. వెబ్ పేజీల్లో గ్రేడియంట్లు గీసే నియమాల్లో కూడా ఇదే రాసి ఉంది. ఫోన్లో ఒక మామూలు వెబ్ పేజీ చేసే గుణకారం, ఇంత ర్యామ్ మింగి కూర్చునే నీకు బరువైపోయిందా? నలభై ఏళ్ల కిందటి లెక్క ఇంకా నీ దాకా రాలేదా?

మందు నేనే వేసుకున్నాను, విను. రెండో స్టాప్‌కి కూడా అదే నారింజ ఇచ్చి, ఒపాసిటీ మాత్రం సున్నాలో వదిలేయాలి. లేదంటే మొత్తం నారింజతో నింపేసి, దాని మీద లేయర్ మాస్క్ (తెలుపున్నచోట చూపించి, నలుపున్నచోట దాచే తెర) వేసి, ఆ మాస్క్‌లో తెలుపు నుంచి నలుపుకి లాగాలి. రెండు పద్ధతుల్లోనూ చార మాయం. అర నిమిషం పని. ఆ అర నిమిషం పని కోసం మధ్యాహ్నమంతా పోవాలి, ఎందుకంటే తమరి దర్బారులో ఈ మాట చెప్పే నాథుడు లేడు.

ఇంతటితో అయిపోయిందనుకోకు. మధ్యలో మురికి చేయడం నీకు అలవాటే. నీలం నుంచి పసుపుకి లాగితే నడుమ బూడిదరంగు తెచ్చి పెడతావు. 0, 0, 255కీ 255, 255, 0కీ సగటు తీస్తే 128, 128, 128 వస్తుందంటావు. లెక్క కరెక్టే. సూర్యోదయం వేయమన్నవాడికి సిమెంటు గోడ ఇచ్చి లెక్క చూపిస్తే ఏం చేసుకోను? మధ్యలో గులాబీనో ఆకుపచ్చనో మూడో స్టాప్ పెట్టి నిన్ను చుట్టు తిప్పి తీసుకెళ్లాల్సి వస్తోంది. ఎరుపు నుంచి ఆకుపచ్చకి వెళ్లినా అంతే, దారిలో బురద తొక్కనిదే నువ్వు రావు. ఎందుకంటే స్క్రీన్ మీద 128 అంటే సగం వెలుగు కాదు, పూర్తి వెలుగులో దాదాపు 22 శాతమే. నిజంగా సగం వెలుగు కావాలంటే 188 దాకా పోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో మీవాళ్లు ఈ మధ్య బుద్ధి తెచ్చుకుని, 'పర్సెప్చువల్' (కంటికి కనబడే తీరులో కలపడం) అనీ 'లీనియర్' (అసలు వెలుగు లెక్కలో కలపడం) అనీ ఒక చిన్న మెనూ పెట్టుకున్నారు. ఆ మెనూ ఉందని తెలిసేసరికి మా జుట్టు నెరిసిపోతోంది, అదీ మధ్యలో బూడిదరంగుకే.

ప్రింటింగ్ గురించి మాట్లాడను. మంచి నీలం పంపిస్తే సీఎంవైకేలో, అంటే ప్రింటింగ్ ఇంకుల్లో, వంకాయ రంగై తిరిగొస్తుంది, అందులో నీ పాపం ఎంతో ఇంకుల పాపం ఎంతో తేల్చడం నావల్ల కాదు. పారదర్శకతని చదును చేసిన పీడీఎఫ్‌లో వెంట్రుకవాసి తెల్లగీతలు కనబడతాయి, క్లయింటు వాటిని 400 శాతం జూమ్ చేసి మరీ చూస్తాడు. జేపెగ్ అయితే సరేసరి.

ఒక్క బ్యాండింగ్ (నునుపుగా సాగాల్సిన రంగు మెట్లుమెట్లుగా కనబడటం) మాట మాత్రం చెప్పి ముగిస్తాను. ఒక్కో ఛానల్‌కి 256 మెట్లు, మొత్తం కోటీ 67 లక్షల రంగులు అని గొప్ప. ముదురు బూడిదరంగులో 20 నుంచి 40 దాకా 2000 పిక్సెళ్ల వెడల్పున ఫేడ్ వేయమంటే నీ చేతిలో ఉండేవి ఇరవై ఒక్క మెట్లే. ఒక్కోటి దాదాపు 100 పిక్సెళ్ల వెడల్పు, దూరం నుంచి చూసినా లెక్కపెట్టొచ్చు. దీనికి అందరూ చెప్పే వైద్యం, పైన కొంచెం నాయిజ్, అంటే ఇసుకలాంటి సన్నటి చుక్కలు, చల్లడం. చల్లితే నిజంగానే పోతుంది! అంటే వద్దన్నచోట మురికి నువ్వే పోస్తావు, కావాల్సినచోట మమ్మల్ని చల్లుకోమంటావు.

ఇంత తిట్టినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ నారింజ సరిగ్గా కరిగిన క్షణంలో, ఎక్కడ ఆగిందో కూడా తెలియకుండా తెలుపులోకి జారిపోయింది చూడు, అది చేత్తో బ్రష్ పట్టుకుని ఎన్నాళ్లు కూర్చున్నా నాకు రాదు. అందుకే నిన్ను టూల్‌బార్ నుంచి తీసేయలేకపోతున్నాను. క్లయింట్‌కి కూడా నచ్చింది. "సూపర్, ఇప్పుడు అదే నీలంలో కావాలి, చివర పసుపు రావాలి" అన్నాడు.

మూడో స్టాప్ ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తున్నాను. సేవ్ చేసేటప్పుడైనా హ్యాంగ్ అవ్వకు.

ఇట్లు,
తమరి రెండు స్టాపుల మధ్య ఇరుక్కున్న ఒక డిజైనర్