లెక్క ఎక్కడ తప్పిందో చెప్పండి చాలు

ఈ ఉదయం మా అమ్మాయి బడిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లి వచ్చాను. వచ్చి మూడు గంటలైనా నా ఒళ్లు మండుతూనే ఉంది. ఏడో తరగతి చదువుతున్న పిల్ల పక్కనే నిలబడి ఉండగా, వెనకాల మరో ఏడెనిమిది మంది తల్లిదండ్రులు వరుసలో వేచి ఉండగా, లెక్కల మేడమ్ జవాబు పత్రం నా చేతిలో పెట్టి, "మీ పాపకు లెక్కల బుర్ర లేదండీ, ఉన్నమాట చెప్తున్నాను, ఏమీ అనుకోకండి" అన్నారు. మా అమ్మాయి తలెత్తలేదు. మెడలోని ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

ఇంటికొచ్చి ఆ పత్రం తెరిచి చూశాను. 25కి 9 మార్కులు. 2/3కి 1/4 కలపమంటే పైవి రెండూ కూడి, కిందివి రెండూ కూడి 3/7 అని రాసింది. హారాలు వేరుగా ఉన్నప్పుడు క.సా.గు. తీసుకోవాలని, అప్పుడు 11/12 వస్తుందని ఆమెకు తట్టలేదు. తప్పుపోయిన మరో మూడు లెక్కల్లోనూ ఇదే పొరపాటు. పత్రం మీద ఎర్ర సిరాతో కొట్టివేతలు తప్ప ఒక్క అక్షరం లేదు. "హారాలను కూడకూడదు" అని రెండు మాటలు రాసి ఉంటే ఆ పిల్ల ఆ రాత్రే దిద్దుకునేది. ఆ పత్రంలో ఉన్నమాట హారాల సంగతి ఒక్కటే. బుర్ర సంగతి ఆవిడ ఊహించుకున్నది. అయినా ఎవరైనా నొచ్చుకుంటే "ఉన్నమాటంటే ఉలుకెక్కువ" అని నోరు మూయించడం మనకు అలవాటైపోయింది.

1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు అంతవరకూ జరిగిన అధ్యయనాలను ఒక్కచోట చేర్చి చూశారు. పనితీరు ఎలా ఉందో చెప్పడం సగటున మేలు చేసినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గిందని తేలింది. చేస్తున్న పని మీద నుంచి దృష్టి తన మీదకే మళ్లినప్పుడు అలా చెప్పిన మాటకు ఫలం తగ్గుతుందని వారు వివరించారు. దాని అర్థం నాకు ఈరోజు స్కూటీ మీద తెలిసింది. వెనక కూర్చున్న మా అమ్మాయి, "బుర్ర లేనివాళ్లు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలమ్మా?" అని అడిగింది. హారాల గురించి అడగలేదు.

ఈ మాట వస్తే నా మొదటి ఉద్యోగం గుర్తుకు రాక మానదు. మా టీమ్ లీడ్ పదకొండు నెలలపాటు నేను ఏ రిపోర్టు పంపినా "బాగుందమ్మా" అన్నారు, అప్రైజల్ నాడు అందరికన్నా తక్కువ రేటింగ్ ఇచ్చారు. ఎందుకని అడిగితే, "నువ్వు బాధపడతావని చెప్పలేదు" అన్నారు. చెడు కబురు మోసుకెళ్లడానికి మనిషి వెనకాడతాడని రోజెన్, టెసర్ 1970లోనే ప్రయోగాలతో చూపించారు. మన తెలుగులో దానికి మొహమాటమనే పేరుంది. ఆయన మొహమాటానికి నా ఏడాది ఖర్చయింది, ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. నలుగురిలో బుర్ర లేదన్న మేడమ్, నాలుగు గోడల మధ్య కూడా నోరు విప్పని ఆ పెద్దమనిషి, ఇద్దరూ నాకు ఒకే అన్యాయం చేశారు. తప్పు ఎక్కడుందో ఇద్దరూ చెప్పలేదు.

చెప్పే పద్ధతి బ్రహ్మవిద్యేమీ కాదు. అమెరికాలో యేగర్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడో తరగతి పిల్లల వ్యాసాల్లో తప్పులన్నీ టీచర్లు మామూలుగానే దిద్ది, కొందరికి మాత్రం "మీ మీద పెద్ద ఆశలు పెట్టుకున్నాను, మీరు అందుకోగలరని తెలిసే ఇవి రాస్తున్నాను" అనే అర్థం వచ్చే చీటీని, మిగతావారికి మామూలు చీటీని జత చేశారు. వ్యాసాన్ని మళ్లీ రాసి తెచ్చిన నల్లజాతి పిల్లలు మామూలు చీటీ అందుకున్నవారిలో 17 శాతమైతే, ఈ చీటీ అందుకున్నవారిలో 72 శాతం. అక్కడ ఎర్ర సిరాను ఎవరూ తగ్గించలేదు.

సోమవారం డైరీలో మేడమ్‌కు రాసి పంపుతున్నాను. మార్కులు పెంచమని అడగడం లేదు. నాలుగు లెక్కల్లో ఒకే పొరపాటు ఉందని, దాన్ని తరగతి అయ్యాక పిల్లను ఒక్కదాన్నే పిలిచి చూపించమని, బుర్ర అనే మాటను అదే పిల్ల ముందు వెనక్కి తీసుకోమని రాశాను.