బ్యాటరీతో మొదలైన బండి

2011లో ఒక టీవీ ఇంటర్వ్యూలో చైనా కార్ల కంపెనీ బీవైడీ పేరెత్తగానే టెస్లా అధినేత ఎలాన్ మస్క్ పకపకా నవ్వేశారు. వాళ్ల కారు ఎప్పుడైనా చూశారా అని ఎదురు ప్రశ్న వేశారు. ఆ రోజున ఆ నవ్వును తప్పు పట్టినవాళ్లూ పెద్దగా లేరు. టయోటా కరోలాను ముందు పెట్టుకుని గీసినట్టుండే ఎఫ్3 కారుతో పేరు తెచ్చుకున్న కంపెనీ అది. పద్నాలుగేళ్లు గడిచేసరికి లెక్క తిరగబడింది. 2025లో బీవైడీ అమ్మిన పూర్తి విద్యుత్ కార్లు 22 లక్షలు దాటితే, టెస్లా 16 లక్షల పైచిలుకు దగ్గర ఆగిపోయింది. బ్యాటరీతో పాటు పెట్రోలుతోనూ నడిచే హైబ్రిడ్లు కూడా కలిపితే బీవైడీ అమ్మకాలు సుమారు 46 లక్షలు. అందులో పది లక్షలకు పైగా చైనా బయట అమ్ముడయ్యాయి.

ఇదంతా బీజింగ్ ఇచ్చిన సబ్సిడీల పుణ్యమేనని పాశ్చాత్య రాజధానుల్లో ఒక మాట బాగా చలామణీలో ఉంది. అది సగం నిజమే. సబ్సిడీలు పుచ్చుకున్న చైనా కంపెనీలు ఎన్నో. వాటిలో చాలావాటి పేర్లు ఇప్పుడు అక్కడివాళ్లకే గుర్తు లేవు. బీవైడీ నిలబడటానికి కారణం కారులో కాదు, దాని కింద పరిచిన బ్యాటరీలో ఉంది. అన్హుయ్ రాష్ట్రంలో పేద రైతు కుటుంబంలో పుట్టిన బీవైడీ స్థాపకుడు వాంగ్ చువాన్‌ఫు 1995లో బంధువు దగ్గర అప్పు చేసి, ఇరవై మందితో షెన్‌జెన్‌లో బ్యాటరీల తయారీ మొదలుపెట్టారు. జపాన్ కంపెనీల మాదిరి ఖరీదైన యంత్రాలు కొనే స్తోమత లేక, పనిని చిన్నచిన్న ముక్కలు చేసి మనుషుల చేతుల్లో పెట్టారు. కొన్నేళ్లకే మోటరోలా, నోకియా ఫోన్లలో ఆ బ్యాటరీలు చేరాయి. 2003లో షియాన్‌లోని ఒక చిన్న కార్ల కంపెనీని కొంటే, ఈయనకెందుకీ కార్ల గోలని మదుపరులు హడలిపోయి షేర్లు వదిలించుకున్నారు. 2008లో వారెన్ బఫెట్ సంస్థ 23 కోట్ల డాలర్లు పెట్టాక గానీ ఆ బెదురు తీరలేదు.

కారు ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. అది ఎవరి చేతిలో ఉంటే ధర చెప్పే హక్కు వారిది. నికెల్, కోబాల్ట్‌లతో పని లేకుండా ఇనుము, ఫాస్ఫేట్‌లతో చేసిన బ్లేడ్ బ్యాటరీని 2020లో తెచ్చారు. చవకగా వస్తుంది, నిప్పంటుకునే భయమూ తక్కువ. మోటార్లు, చిప్‌లు సొంతవే. చివరికి కార్లను సముద్రం దాటించడానికి కూడా తనకంటూ ఓడలు పెట్టుకుంది. 2024 జనవరిలో బయల్దేరిన తొలి ఓడలో ఏడు వేల కార్లు పడతాయి. 2022 మార్చిలోనే కేవలం పెట్రోలుతో నడిచే కార్ల తయారీకి స్వస్తి చెప్పారు. ఐరోపా సమాఖ్య 2024లో మామూలు పది శాతానికి తోడు బీవైడీపై మరో 17 శాతం సుంకం వేసింది. ఆ సుంకం పూర్తి విద్యుత్ కార్లకే కాబట్టి కంపెనీ అక్కడ ప్లగ్ పెట్టి ఛార్జి చేసుకునే ప్లగిన్ హైబ్రిడ్లను ముందుకు తోసింది. హంగరీలోని సెగెద్‌లో ఫ్యాక్టరీ కట్టడానికి అంతకుముందే పూనుకుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు చెప్పారు. బీవైడీది కొంచెం తిరకాసు కథ. 2025లో దాని అమ్మకాలు చైనాలో తగ్గాయి, విదేశాల్లోనే ఎగబాకాయి. సొంతగడ్డ మీద ధరల పోరు అంత దారుణంగా ఉంది మరి. చిన్న కారు సీగల్ ధరను ఆ ఏడాది మేలో 69,800 యువాన్ల నుంచి 55,800కు దించారు. ఆ కోత భారం మోసింది ఎవరు? విడిభాగాలు సరఫరా చేసి బిల్లుల కోసం నెలల తరబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన చిన్న కంపెనీలు. ప్రభుత్వం కన్నెర్ర చేశాకే అరవై రోజుల్లో బకాయిలు చెల్లిస్తామని బీవైడీతో సహా పెద్ద కంపెనీలు మాటిచ్చాయి.

బ్రెజిల్‌లో జరిగింది ఇంతకన్నా ఘోరం. ఫోర్డ్ వదిలి వెళ్లిన కమసారి ఫ్యాక్టరీ స్థలంలో బీవైడీ కోసం ఒక కాంట్రాక్టరు తెచ్చిన 163 మంది చైనా కూలీలు బానిసత్వాన్ని తలపించే పరిస్థితుల్లో ఉన్నట్టు 2024 డిసెంబరులో అక్కడి అధికారులు తేల్చారు. పాస్‌పోర్టులు లాగేసుకున్నారు, కొందరికి పడుకోవడానికి పరుపులు కూడా లేవు. కాంట్రాక్టరును తొలగించామని బీవైడీ చేతులు దులుపుకొంది. చవక కారును మెచ్చుకునేవారు ఈ పద్దు కూడా చూడాలి.

మనకూ ఈ కంపెనీతో చుట్టరికం ఉంది. తిరుమల కొండెక్కే విద్యుత్ బస్సులు హైదరాబాద్ సంస్థ ఒలెక్ట్రావి. వాటి వెనకున్న సాంకేతికత బీవైడీది. మేఘా సంస్థతో కలిసి వంద కోట్ల డాలర్లతో కార్ల ఫ్యాక్టరీ పెడతామంటే 2023లో కేంద్రం కాదంది. ప్రస్తుతానికి వద్దనే 2025 ఏప్రిల్‌లో వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ మళ్లీ చెప్పారు. గల్వాన్ తర్వాత ఆ జంకును తప్పు పట్టలేం. అయితే దిగుమతి సుంకం కట్టి బీవైడీ కార్లు మన షోరూముల్లోకి వస్తూనే ఉన్నాయి. కారు రావచ్చట, దాన్ని చేసే పని మాత్రం రాకూడదట! ఇదేం తర్కమో మాకు బోధపడలేదు. ఒకప్పుడు విదేశీ కంపెనీలు వస్తే మాతో వాటాకు రండి, పని నేర్పండి అని చైనా షరతు పెట్టింది. అలాంటి షరతులు రాసుకోవడం మన ప్రభుత్వానికి చేతకాని పనేమీ కాదు.

తలుపు మూసినప్పుడు లోపల ఏం జరుగుతోందన్నది అంతకన్నా ముఖ్యం. బ్యాటరీ సెల్స్ ఇక్కడే తయారు కావాలని కేంద్రం 2021లో 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహకాలు ప్రకటించింది. పని నత్తనడకన సాగుతోంది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా భారీ సెల్స్ ఫ్యాక్టరీకి 2023లో పునాది పడింది. దానికి కావాల్సిన ఇనుము-ఫాస్ఫేట్ సాంకేతికతకు 2024లో ఆ సంస్థ లైసెన్సు ఒప్పందం చేసుకున్నది చైనా కంపెనీ గోషన్‌కు చెందిన ఐరోపా అనుబంధ సంస్థతోనే.