కబీర్‌కి ఏమీ కాదని ముందే తెలిస్తే ఇక టెన్షన్ ఎక్కడిది?

హిందీ స్పై సినిమా 'వార్ 2' మొదలైన కాసేపటికే హృతిక్ రోషన్ చేసిన గూఢచారి కబీర్ తన గురువు లాంటి కల్నల్ లూథ్రాను చేతులారా చంపేస్తాడు. అంత ఘోరం కళ్లముందు జరిగితే గుండె ఆగినంత పనవ్వాలి. నాకు ఏమీ అనిపించలేదు. దేశద్రోహిలా కనిపించిన కబీర్ చివరికి దేశభక్తుడని తేలడం 2019లో వచ్చిన 'వార్'లోనే చూసేశాం. అదే వల రెండోసారి పన్నితే పిట్ట పడుతుందా?

ఆ మొదటి సినిమాకి మాత్రం దమ్ముంది. టైగర్ ష్రాఫ్ చేసిన ఖాలిద్ మధ్యలోనే చనిపోయాడనీ, ఆ ముఖంతో తిరుగుతున్నది శత్రువనీ తెలిసినప్పుడు నిజంగా ఉలిక్కిపడ్డాం. పోస్టర్ మీదున్న మనిషికి కూడా చావు రావచ్చన్న భయం ఆ ఒక్క మలుపుతో పుట్టింది. తర్వాత యశ్‌రాజ్ సంస్థ తన గూఢచారులందరినీ ఒకే కథాలోకంలోకి చేర్చింది, ఆ భయం కాస్తా పోయింది. 'టైగర్ 3'లో సల్మాన్ పాకిస్తాన్ చెరలో ఉంటే, విడిపించడానికి షారుఖ్ వస్తాడని అందరికీ ముందే తెలుసు. ఈల ఎప్పుడు వేయాలా అని చూస్తాం తప్ప ప్రాణాపాయం గుర్తుకే రాదు. తర్వాతి సినిమాకి డేట్లిచ్చేసిన హీరోని ఏ బుల్లెట్ ఏం చేస్తుంది?

స్పై సినిమాలో హీరో గెలుస్తాడని తెలియనిదెవరికి, ఫైట్లు చూడ్డానికే కదా వెళ్లేది అంటారు. ఫైట్లు నాకూ ఇష్టమే. కానీ ముగింపు తెలిసినంత మాత్రాన టెన్షన్ పోతుందంటే ఒప్పుకోను. 2018లో వచ్చిన 'రాజీ' చూడండి. 1971 యుద్ధం ఎవరు గెలిచారో చిన్నపిల్లలకీ తెలుసు. అయినా పాకిస్తాన్ సైనికాధికారి ఇంటికి కోడలిగా వెళ్లిన భారత గూఢచారి సెహ్మత్‌ను ఆ ఇంటి పాత పనివాడు అనుమానంగా చూస్తుంటే మన అరచేతులకు చెమట పడుతుంది. తొలిసారి ఒకరి ప్రాణం తీశాక ఆ పిల్ల కుప్పకూలిపోతుంది. దేశం గెలుస్తుంది సరే, ఈమె ఏమైపోతుందన్నదే మన బెంగ. అంతెందుకు, 2015లో బాహుబలిని కట్టప్ప పొడిచేశాడని చూపించే కదా మనల్ని ఇంటికి పంపారు? హీరో చావు ఖాయమని తెలిసీ 2017 దాకా దేశమంతా ఎదురుచూసింది.

అసలు రోగం వేరే ఉంది. మన హీరోలకు భయపడే హక్కు లేకుండా చేశాం. ఎంట్రీకో ఎలివేషన్, ఇంటర్వెల్‌కో ఎలివేషన్. ఒక దెబ్బ ఎక్కువ తింటే అభిమానులు నొచ్చుకుంటారని కథనే కత్తిరిస్తారు. హిందీ, తెలుగు తేడా లేదు, అంతటా ఇదే వరస. 'వార్ 2'లో హృతిక్, ఎన్టీఆర్ కొట్టుకునే దెబ్బలు తక్కెడలో తూచినట్టుంటాయి. వీధిలో కలిసి పెరిగిన స్నేహితుడు కబీరే తనను వదిలేసి వెళ్లాడన్న కసి ఎన్టీఆర్ చేసిన విక్రమ్‌ది. ఎంత బలమైన పాయింట్ అది! 'జై లవ కుశ'లో నత్తితో నలిగిపోయిన జైని అంత గొప్పగా చేసిన నటుడికి ఇలాంటి మనసు గాయం ఉన్న పాత్ర ఇచ్చి, ఎక్కువసేపు ఛేజ్‌లు చేయించారు. తొలి హిందీ సినిమాలో ఎన్టీఆర్ కళ్లలో బెదురు చూసే అవకాశం మనకు దక్కలేదు. నాకు బాధ అక్కడే.

చివరికి ఇద్దరూ బతికే ఉంటారు. పేర్లు పడుతుండగా తర్వాతి సినిమా గుర్తును ఒక చిన్నపిల్ల చేతి మీద పచ్చబొట్టుగా వేస్తూ చూపిస్తారు. కనీసం ఆ పిల్లకైనా నిజంగా భయపడే సీను ఒకటి రాయమని ఆ రచయితలను వేడుకుంటున్నాను.