తాళపత్రాలకు తాళం

పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టే శుభవేళ అటకమీది తాళపత్రాలకు చారిత్రక ప్రాధాన్యం వస్తుంది. తాతగారి గ్రంథాలను విశ్వవిద్యాలయానికి సమర్పించాలన్న ఔదార్యం వారసులకు సరిగ్గా ఆ వారంలోనే కలగడాన్ని కొందరు స్థలాభావంతో ముడిపెడతారు గాని, అది సంస్కారం లేని మాట. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు వట్టిపోయిన ఆవులను దానమిచ్చాడు. మనవాళ్లు పాలిచ్చే ఆవులనే ఇస్తున్నారు. పిండేవాడి ఉద్యోగం మాత్రం చాలాకాలంగా భర్తీ కాలేదు.

స్వీకరణ సభలో దాతకు, ఉపకులపతికి శాలువాలు, ముఖ్య అతిథికి ఇంకాస్త పెద్ద శాలువా కప్పుతారు. గ్రంథాలకు చుట్టడానికి మూరెడు ఎర్రగుడ్డకే మంజూరు రాదు. ముఖ్య అతిథి ఒక కట్టను తలకిందులుగా పట్టుకుని ఫొటో దిగి, మన పూర్వుల విజ్ఞానం ముందు ప్రపంచం తలవంచాలని సెలవిస్తారు.

ఈ తాటాకులు ఇన్నాళ్లు బతకడం పూర్తిగా నిబంధనలకు విరుద్ధం. గంటంతో రాసి, మసి రుద్ది, పసుపు పూసి, రెండు చెక్కల మధ్య బిగించి, వంటింటి పొగ తగిలేచోట పెట్టేవారు; శరన్నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు దించి, దులిపి, పూజచేసి మళ్లీ కట్టేవారు. అంటే కమిటీ, టెండరు లేకుండానే ఏటేటా తనిఖీ జరిగిపోయేదన్నమాట! ఇప్పుడవి ఇనుప బీరువాలో ఉన్నాయి. బీరువా ఏసీ గదిలో ఉంది, ఏసీ మరమ్మతులో ఉంది, తాళంచెవి సెలవులో ఉంది.

జాబితా ఎందుకు కాలేదని అడగడం అన్యాయం. రిజిస్టరులో ప్రచురణకర్త, ధర, ఎన్నో ముద్రణ అన్న గళ్లు నింపాలి. మూడు తరాల కిందటి లేఖకుడు వీటిలో ఒక్కటీ రాసిపెట్టకుండా పోయాడు. కడపలో బ్రౌను దొరకు ఇంత ఓపిక లేదు: సొంత బంగళాలో పండితులకు జీతాలిచ్చి, ప్రతులు పోల్చి శుద్ధప్రతులు రాయించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేసేశాడు. రంగనాథన్ గారు సైతం 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాస్తూ, పుస్తకాలున్నది వాడుకోవడానికేనని మొదటి సూత్రంలోనే తొందరపడ్డారు.

మొన్న దాతగారి మనవడే తాతగారి గ్రంథం చూడాలని వస్తే, ఆయన సభ్యుడు కానందున వీలుపడదని మర్యాదగా చెప్పారు. ఆనాటి సభ ఫొటోను మాత్రం డిజిటైజ్ చేసి ఉంచారు. అందులో ముఖ్య అతిథి చేతిలోని కట్టను పెద్దది చేసుకుంటే, పై ఆకు మీది రెండు పంక్తులు తలకిందులుగానైనా చదువుకోవచ్చు.