కుర్చీయే క్రీజు

భారత క్రికెట్‌కు పునాది వేసిందెవరని అడిగితే చాలామంది తడుముకోకుండా సి.కె. నాయుడు పేరు చెబుతారు. ఇది అన్యాయం. నాయుడు గారు చేసిందల్లా బంతిని బాదడమే. 1926 డిసెంబర్ 1న బాంబే జింఖానా మైదానంలో, ఆర్థర్ గిల్లిగన్ ఇంగ్లండ్ నుంచి తీసుకొచ్చిన ఎం.సి.సి. (లండన్‌లోని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు కొట్టారు. రెండు గంటలు కూడా పట్టలేదు. అంత తొందరగా ముగిసిపోయే పనికి చరిత్రలో ఇంత చోటెందుకో నాకు అర్థం కాదు.

అసలు పని ఆ తర్వాత, 1927 ఫిబ్రవరిలో, ఢిల్లీ రోషనారా క్లబ్బులో మొదలైంది. అక్కడ గిల్లిగన్ దొర, పటియాలా మహారాజు, ఆర్.ఇ. గ్రాంట్ గోవన్ అనే ఇంగ్లీషు వ్యాపారి, ఆయన వ్యాపారంలోనే పనిచేసే ఆంథొనీ డిమెల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. మీవాళ్ళు బాగానే ఆడుతున్నారు, దేశానికంతా ఒక బోర్డు పెట్టుకుంటే లండన్‌లో మీ తరఫున నేను చెబుతాను అన్నది గిల్లిగన్ మాటల సారాంశం. 1928 డిసెంబర్‌కల్లా బోర్డు పుట్టింది. అధ్యక్షుడు గోవన్, కార్యదర్శి డిమెల్లో. ఆఫీసులో ఉన్న వరసే బోర్డులోనూ కుదిరింది. కొత్తగా ఒకరికొకరు అలవాటు పడే శ్రమ కూడా తప్పింది.

భారతీయుల ఆటకు దొర పెద్దరికమేమిటని గిట్టనివాళ్ళు సణుగుతారు. సొమ్మొకడిది సోకొకడిది అని సామెత కూడా విసురుతారు. పెళ్ళిపెద్దను పట్టుకుని నీకు మంత్రాలొచ్చా అని ఎవరైనా అడుగుతారా? గోవన్ పేరు పరుగుల వల్లో వికెట్ల వల్లో నిలవలేదు. కుర్చీ వల్ల నిలిచింది. 1933లో ఆయన ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్ అనే విమాన కంపెనీ పెట్టారు, అదే ఏడు క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాకు తొలి అధ్యక్షుడయ్యారు. కార్యదర్శి ఎవరో మళ్ళీ చెప్పాలా?

ఈ డిమెల్లో కూడా సామాన్యుడు కాడు. క్లబ్బుకు బొంబాయిలో స్థలం కావలసి వచ్చినప్పుడు గవర్నర్ బ్రాబోర్న్ దగ్గరికెళ్ళి, మీ ప్రభుత్వానికి డబ్బు కావాలా, మీ పేరు శాశ్వతంగా నిలవాలా అని అడిగారట. 1937లో బ్రాబోర్న్ స్టేడియం తెరుచుకుంది. ఇలాంటి షాటు నాయుడు గారు జన్మలో ఆడలేదు.

గోవన్ ముందుచూపు ఎంత గొప్పదో తెలియాలంటే డబ్బూ హోదా ఉండి కూడా మైదానంలో దిగినవాళ్ళను చూడాలి. 1932 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్‌గా వెళ్ళిన పోర్‌బందర్ మహారాజు అక్కడి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లన్నిట్లో కలిపి 2 పరుగులు చేశారు. పెద్దమనిషి కాబట్టి లార్డ్స్ టెస్టుకు తానే తప్పుకుని నాయుడికి పగ్గాలిచ్చారు. దేశపు తొలి టెస్టుకు ఆటగాడే నాయకత్వం వహించాల్సిన పరిస్థితి అలా వచ్చిపడింది.

మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ ఆ బలహీనతకు లొంగలేదు. 1936లో ఆయనే కెప్టెన్, మూడు టెస్టులూ ఆడారు, మొత్తం 33 పరుగులు. లాలా అమర్‌నాథ్ లాంటి ఆటగాణ్ణి మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. ఆ పర్యటనలోనే సర్ బిరుదు దక్కింది. అయినా ఆ 33 మాత్రం పోలేదు, 90 ఏళ్ళు కావస్తున్నా ఎవడో ఒకడు తవ్వి తీస్తూనే ఉన్నాడు. ఎగతాళి చేయడానికి గోవన్‌కు అలాంటి అంకె ఒక్కటైనా దొరుకుతుందా? కుర్చీకి స్కోరుబోర్డు ఉండదు, అందుకే టెన్షనూ ఉండదు. ఇవాళ జిల్లా సంఘం మెట్లెక్కే ప్రతి కాంట్రాక్టరూ, ప్రతి ఎమ్మెల్యే బావమరిదీ తెలిసో తెలియకో గోవన్ శిష్యుడే. ఆయన పటం ఒక్క ఆఫీసులోనైనా పెట్టకపోవడం కృతఘ్నత.

విజ్జీ చివరికి దారిలో పడ్డారు. 1954లో బోర్డు అధ్యక్షుడై రెండేళ్ళు కుర్చీలో కూర్చున్నారు. అధ్యక్షుల జాబితాలో సి.కె. నాయుడు పేరు ఎంత వెతికినా దొరకదు. 1956-57లో కూడా ఆయనకు తీరిక లేదు. 60 దాటిన వయసులో రంజీ మ్యాచ్‌లో బ్యాటింగ్ చేస్తున్నారు.